సారీ చెప్పించాను, చేతులు కలిపించాను... గొడవ ఇంకా ముదిరింది. ఎక్కడ తప్పు జరిగింది?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో 8వ తరగతి క్లాస్ టీచర్ని. 46 మంది పిల్లలు. గత నెల శ్రీను (పేర్లు మార్చాను) అనే అబ్బాయి వంశీ సైకిల్ సీటు బ్లేడుతో కోసి, ట్యూబు పొడిచేశాడు. 350 రూపాయల నష్టం. మూడు రోజులు వంశీ నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చాడు. నాకు పిల్లల్ని కొట్టడం ఇష్టం లేదు. ట్రైనింగులో రెస్టోరేటివ్ పద్ధతి (శిక్షకు బదులు జరిగిన నష్టాన్ని బాగుచేయించే పద్ధతి) గురించి విన్నాను. మర్నాడే ఇద్దర్నీ క్లాసు ముందు నిలబెట్టి, శ్రీనుతో సారీ చెప్పించి, చేతులు కలిపించాను. శ్రీనుకు కొంచెం నత్తి, మామూలుగానే నోరు విప్పడు. ఆ ఒక్క మాట అనడానికి చాలాసేపు పట్టింది. వారం తిరక్కుండానే మధ్యాహ్న భోజనం దగ్గర వంశీ మీద పళ్ళెం విసిరాడు. ఇప్పుడు వారానికి రెండు రోజులు బడికే రావడం లేదు. "నాలుగు తగిలిస్తే పోయేది, లేదా టీసీ ఇచ్చి పంపండి" అని స్టాఫ్ రూములో అంటున్నారు. హెచ్చెమ్ గారూ అటే మొగ్గుతున్నారు. నేనెక్కడ తప్పు చేశాను? ఈ పద్ధతి మన బడుల్లో నడుస్తుందా?

సమాధానం:

టీచర్ గారూ, మీరు రాసీ రాయనట్టు రాసి దాటేసిన వాక్యం ఒకటుంది. నత్తి ఉన్న పిల్లవాడికి సారీ చెప్పడానికి చాలాసేపు పట్టిందన్నారు. 46 మంది చూస్తుండగా పదమూడేళ్ళ పిల్లవాడు 'సా' దగ్గర ఆగిపోయి, మళ్ళీ ఎత్తుకుని, మళ్ళీ ఆగిపోయాడు. వెనక బెంచీల్లో ఒకరిద్దరు నవ్వే ఉంటారు. మీరు చెయ్యి ఎత్తలేదు, నిజమే. కానీ వాడికి మాత్రం అది శిక్షే. అదీ అందరి ముందు, వాడు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడే చోట తగిలిన శిక్ష. పళ్ళెం విసిరింది సైకిల్ గొడవకు కాదు, ఆ అరనిమిషానికి అయ్యుండవచ్చు.

ఇంకో మాట. సీటును బ్లేడుతో కోసేంత కోపం ఒక్క పూటలో పుట్టదు. శ్రీను నత్తిని కొంతకాలంగా ఎవరో వెక్కిరిస్తూ ఉండవచ్చు, వాళ్ళలో వంశీ కూడా ఉండవచ్చు. ఇది మా ఊహే, మీరు కనుక్కోవాల్సిన విషయం. ఊహ నిజమైతే, మీరు చేయించిన రాజీలో ఒక బాకీ మాత్రమే లెక్కకొచ్చింది, రెండోది అలాగే ఉండిపోయింది.

"సారీ చెప్పించి చేతులు కలపడం" రెస్టోరేటివ్ పద్ధతి కాదు. చాలా ట్రైనింగుల్లో అలాగే అర్థమవుతుంది, మీ తప్పేమీ లేదు. మామూలు క్రమశిక్షణ మూడు ప్రశ్నలు వేస్తుంది: ఏ రూలు తప్పారు, ఎవరు తప్పారు, ఏం శిక్ష వెయ్యాలి. ఇక్కడ వేసేవి వేరు: ఎవరికి ఏ నష్టం జరిగింది, వాళ్ళకిప్పుడు ఏం కావాలి, అది తీర్చే బాధ్యత ఎవరిది. 1989లో న్యూజిలాండ్ ఈ ఆలోచనను బాలల చట్టంలోకి తెచ్చింది. తప్పు చేసిన పిల్లవాణ్ణి, కుటుంబాన్ని, నష్టపోయినవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టే ఆ ఏర్పాటుకు అక్కడి మావోరీల ఆచారాలు ప్రేరణ. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక హైస్కూలు దీన్ని బడి గొడవలకు వాడింది. అక్కణ్ణుంచి ఇంగ్లండ్, అమెరికా బడులకు పాకింది.

వినగానే మనకు రచ్చబండ పంచాయితీ గుర్తొస్తుంది. ఆ పోలికతో జాగ్రత్త. పంచాయితీలో పెద్దమనుషులు విని తీర్పు చెబుతారు, తప్పు కట్టిస్తారు. ఎవరి వెనక ఎంతమంది ఉన్నారన్నది తీర్పులో కనిపిస్తుంది. ఇక్కడ తీర్పు చెప్పేవాళ్ళు లేరు. కూర్చోబెట్టే టీచరు పని ప్రశ్నలడగడం, వంతు చూడడం, అంతే. హెచ్చెమ్ గారు మధ్యలో వచ్చి పది నిమిషాలు నీతులు చెప్పి వెళ్ళారంటే అది మళ్ళీ పంచాయితీ అయిపోయినట్టే.

ఇక మీరు చెయ్యాల్సింది. అందరూ తొందరపడేది ఆ కూర్చోబెట్టే గంట కోసమే. అసలు పని దానికి ముందూ, తర్వాతా ఉంటుంది. కూర్చోబెట్టడం చెడిందంటే నూటికి తొంభై పాళ్ళు ముందు పని జరగలేదనే.

మీ విషయంలో దానికన్నా ముందు ఇంకొకటి ఉంది. శ్రీను బడికొచ్చిన రోజున, ఒంటరిగా దొరికినప్పుడు మీరే చెప్పండి: "ఆ రోజు నిన్ను అందరి ముందు నిలబెట్టి మాట్లాడించాను. అలా చెయ్యకుండా ఉండాల్సింది. ఇంకెప్పుడూ చెయ్యను." అంతే. జవాబు అడగొద్దు. "అయినా నువ్వు చేసింది కూడా..." అని తోక తగిలించొద్దు. ఆ తోకతో ముందన్న మాటలన్నీ కొట్టుకుపోతాయి. టీచరు పిల్లవాడికి క్షమాపణ చెప్పడమేంటని స్టాఫ్ రూములో అనవచ్చు. నష్టం చేసినవాళ్ళు నష్టాన్ని ఒప్పుకోవాలన్న నియమం టీచరుకు వర్తించకపోతే, పిల్లలు దాన్ని ఎందుకు నమ్ముతారు?

తర్వాత విడివిడిగా మాట్లాడాలి. నష్టపోయిన పిల్లవాడితో ముందు, నష్టం చేసినవాడితో తర్వాత, ఒక్కొక్కరితో పదిహేను ఇరవై నిమిషాలు. గొడవ జరిగిన రోజే వద్దు, మరీ నానబెట్టనూ వద్దు. రెండు మూడు పనిదినాల్లో మొదలుపెడితే బాగుంటుంది. మీకు నెల దాటింది, అయినా ఫరవాలేదు. భోజనం దగ్గరి గొడవను కూడా కలిపి మాట్లాడండి. వరండా వద్దు, స్టాఫ్ రూము వద్దు. చెట్టు కిందో, ఖాళీ క్లాసులోనో, తలుపు తెరిచి, పక్కపక్కన కూర్చుని మాట్లాడండి. ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది.

"ఎందుకు చేశావు?" అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నకు మన పిల్లల దగ్గర రెండే జవాబులుంటాయి, "ఏమో టీచర్", "ఊరికే టీచర్". ఇంకాస్త గట్టిగా అడిగితే అబద్ధం వస్తుంది. శ్రీనును అడగాల్సినవి ఇవి, ఇదే వరసలో:

ఏం జరిగింది? మొదట్నుంచి చెప్పు.
అప్పుడు నీ మనసులో ఏం నడుస్తోంది?
ఇప్పుడు తల్చుకుంటే ఏమనిపిస్తోంది?
దీనివల్ల ఎవరెవరికి ఇబ్బందయింది? ఎలా?
బాగుచెయ్యాలంటే నువ్వేం చెయ్యగలవు?

వంశీని అడిగేటప్పుడు చివరి రెంటి బదులు "అన్నిటికన్నా ఏది ఎక్కువ కష్టమనిపించింది?", "ఏం జరిగితే నీకు సరిపోయినట్టు?" అనండి. మూడు రోజులు నడక అంటాడని మనం అనుకుంటాం. "కొత్త సైకిల్ పాడుచేసుకున్నావని మా నాన్న నన్నే తిట్టాడు" అనవచ్చు. అసలు నష్టం అదైతే, 350 రూపాయలు కట్టించినా అది తీరదు. వాళ్ళ నాన్నకు నిజం తెలియాలి.

శ్రీనుతో మాట్లాడేటప్పుడు మౌనాన్ని భరించడం నేర్చుకోవాలి. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. వాడి వాక్యాన్ని మీరు పూర్తి చెయ్యొద్దు. "నెమ్మదిగా చెప్పు, కంగారుపడకు" అని కూడా అనొద్దు, అది నత్తినే గుర్తుచేస్తుంది. రాసి చూపిస్తానంటే రాయనివ్వండి, బొమ్మ గీసి చూపినా సరే.

ఈ విడి మాటల్లో మూడు సంగతులు తేలాలి. ఒకటి, శ్రీను తాను చేశానని ఒప్పుకుంటున్నాడా? ఒప్పుకోకపోతే కూర్చోబెట్టొద్దు. ఎవరు చేశారో తేల్చే చోటు అది కాదు. రెండు, వంశీకి ఇష్టమేనా? "వద్దు టీచర్" అంటే వద్దనే. బతిమాలకండి, "పెద్దమనసు చేసుకో" అనకండి. అప్పుడు ఒకరి మాట ఒకరికి మీరే చేరవేయవచ్చు, ఉత్తరం రాయించవచ్చు. మూడు, ఎదురుపడితే ఎవరైనా మరింత నలిగిపోయే ప్రమాదముందా?

వంశీ వెక్కిరింపుల సంగతి బయటపడితే, "ఇద్దరిదీ తప్పే, చెల్లుకు చెల్లు" అనే మాట నాలిక చివరిదాకా వస్తుంది. ఆపుకోండి. అవి రెండు నష్టాలు. సైకిల్ విషయంలో శ్రీను బాధ్యుడు, వెక్కిరింపు విషయంలో వంశీ బాధ్యుడు. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మాఫీ చేస్తే ఇద్దరూ అన్యాయం జరిగిందనే అనుకుంటారు. రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి, అదే ప్రశ్నలతో మాట్లాడించాలి.

కూర్చోబెట్టే రోజుకు ఒక పీరియడ్ చాలదు. పీరియడ్ 40 నిమిషాలైతే గంట దొరికేలా చూసుకోండి. సాయంత్రం చివరి పీరియడ్ తీసుకుంటే బస్సు వేళ అని లేచిపోతారు, పొద్దున పెట్టుకోండి. లైబ్రరీ గదో, సైన్సు ల్యాబో మంచిది. హెచ్చెమ్ గది అస్సలు వద్దు. మధ్యలో బల్ల ఉండకూడదు. అందరికీ ఒకే రకం కుర్చీలు, లేదా అందరూ జంపఖానా మీద. మీరు కుర్చీలో, పిల్లలు కింద అంటే మొదలవకముందే సగం చెడిపోయినట్టు. మనుషులు ఆరేడుగురికి మించొద్దు: ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరి తరఫున వాళ్ళు ఎంచుకున్న ఒక స్నేహితుడు, ఇద్దరి ఇళ్ళ నుంచి ఒక్కొక్కరు, మీరు.

తల్లిదండ్రులతో కూడా ముందే మాట్లాడాలి. ఇది మానేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. తండ్రి వస్తూనే "పరువు తీశావు కదరా" అని అందరి ముందే చెయ్యి చేసుకుంటాడు, లేదా "కళ్ళు తప్ప ఎక్కడైనా కొట్టండి టీచర్" అంటాడు. "ఇక్కడ ఎవరూ ఎవర్నీ తిట్టం, కొట్టం. మీ అబ్బాయి మాట్లాడుతుంటే మీరు వినడమే మాకు సాయం" అని ముందురోజే చెప్పండి. కూలి పోగొట్టుకుని రావాల్సి ఉంటే వాళ్ళకు వీలైన వేళ అడగండి. రాలేకపోతే అమ్మమ్మో, పెద్దన్నో రావచ్చు.

మాట్లాడే వంతు తెలియడానికి చేతిలో ఒక వస్తువు పెట్టండి. బంతి, డస్టరు, ఏదైనా సరే. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడతారు, మిగతావాళ్ళు వింటారు. శ్రీను లాంటి పిల్లవాడికి ఇది పెద్ద అండ. వస్తువు తన చేతిలో ఉన్నంతసేపూ ఎవరూ అడ్డురారని వాడికి తెలుస్తుంది. ముందు నష్టం చేసినవాడు జరిగింది చెప్పాలి, తర్వాత నష్టపోయినవాడు, తర్వాత వాళ్ళ తరఫువాళ్ళు, మళ్ళీ మొదటివాడి దగ్గరికి. నష్టపోయినవాణ్ణి ముందు మాట్లాడిస్తే రెండోవాడు వింటూ వింటూ తన వాదన తయారుచేసుకుంటాడు, అందుకని ఈ వరస. ఇక్కడ శ్రీను తాను రాసుకొచ్చింది మిమ్మల్ని చదవమనవచ్చు. విడిగా మాట్లాడినప్పుడే అడిగి ఉంచండి.

క్షమాపణను మీరు అడగకండి. ఒక్కసారి కూడా. మూడు రోజుల నడక గురించి, నాన్న తిట్ల గురించి వంశీ నోటి నుంచి విన్నాక శ్రీనే ఏదో అంటాడు. ఆ మాట "సారీ" కాకపోవచ్చు. "నేను బాగుచేయిస్తా" కావచ్చు, తల దించుకుని చూసే చూపు కావచ్చు. రాకపోయినా కార్యక్రమం చెడినట్టు కాదు, ఒప్పందం దగ్గరికి వెళ్ళండి.

ఒప్పందం మూడు నాలుగు వాక్యాలకు మించకూడదు. ప్రతి వాక్యంలో ఎవరు, ఏం, ఎప్పటిలోగా అన్నవి ఉండాలి. "ఇకమీదట బుద్ధిగా ఉంటాను" అన్నది ఒప్పందం కాదు, దాన్ని కొలవలేం. మీ కేసులో ఇలా ఉండవచ్చు: శనివారంలోగా శ్రీను, వాళ్ళ నాన్న సైకిల్‌ను షాపుకు తీసుకెళ్ళి సీటు, ట్యూబు వేయిస్తారు. డబ్బు నాన్న ఇస్తాడు, సైకిల్ తోసుకెళ్ళడం, పక్కన ఉండి సాయం చెయ్యడం, తెచ్చి అప్పగించడం శ్రీను పని. వంశీ వాళ్ళ నాన్నకు జరిగింది మీరు చెబుతారు. వంశీ ఆ వెక్కిరింపు పేరు వాడడు, ఎవరైనా వాడితే "వద్దురా" అంటాడు. డబ్బంతా తండ్రి కట్టేసి పిల్లవాడు చేతులు దులుపుకుంటే వాడు బాగుచేసింది ఏమీ లేదు. అలాగని 350 రూపాయల కోసం పిల్లవాణ్ణి కూలికి పంపించడం అస్సలు కుదరదు. గుంజీళ్ళు, గోడకుర్చీ, వందసార్లు రాయించడం, బాత్రూములు కడిగించడం ఒప్పందంలోకి రానివ్వకండి. పిల్లలే సూచిస్తారు కూడా, వాళ్ళకు తెలిసిన న్యాయం అదే మరి. "దానివల్ల వంశీ సైకిల్ బాగవుతుందా?" అని అడిగితే వాళ్ళే వెనక్కి తీసుకుంటారు.

కాగితం మీద అందరూ సంతకాలు పెట్టాక మూడు తేదీలు రాసుకోండి: మూడో రోజు, రెండో వారం, ఆరో వారం. ఆ రోజుల్లో ఇద్దర్నీ విడివిడిగా రెండు నిమిషాలు పలకరించాలి. అందరూ వదిలేసేది ఇదే. రెండో వారంలో ఎవరూ అడక్కపోతే, అదంతా ఆ రోజు హడావుడే అని పిల్లలకు అర్థమైపోతుంది. ఒప్పుకున్నది జరగకపోతే మొదటిసారి "ఏం అడ్డొచ్చింది?" అని అడిగి గడువు మార్చండి. రెండోసారీ జరగకపోతే మామూలు చర్యలు ఉండనే ఉన్నాయి. ఆ సంగతి మొదటి రోజే చెప్పి ఉంచాలి.

కొన్నిటికి ఈ పద్ధతి వాడనే కూడదు. పిల్లల మీద లైంగిక వేధింపు ఏ రూపంలో ఉన్నా కూర్చోబెట్టి రాజీ చెయ్యడం నేరం దాకా వెళ్తుంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. పిల్లల సాయానికి 1098 ఫోన్ నంబరు ఉంది. కులం పేరుతో తిట్టినా, వెలివేసినట్టు చేసినా "ఇద్దరూ స్నేహితులే కదా" అని సర్దిచెప్పకండి. శ్రీనును పిలిచే ఆ పేరు నత్తి గురించి కాక, కులం గురించో వాళ్ళ ఇంటి వృత్తి గురించో అని తేలితే దారి మారిపోతుంది. హెచ్చెమ్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ పిల్లవాడి ఇంటివాళ్ళతో ముందు మాట్లాడండి. ఇష్టం లేకున్నా ఎదురెదురుగా కూర్చోబెట్టడం అక్కడ మళ్ళీ అవమానించడమే. బలవంతుడు బలహీనుణ్ణి నెలల తరబడి ఏడిపిస్తున్న కేసుల్లో కూడా తొందరపడొద్దు. పీడించేవాడు గదిలో బుద్ధిగా కూర్చుని, బయటికొచ్చాక బదులు తీర్చుకుంటాడు.

స్టాఫ్ రూములో మాటల సంగతి. విద్యాహక్కు చట్టం 2009, 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెంటినీ నిషేధించింది, మీరితే సర్వీసు రూల్స్ ప్రకారం చర్య ఉంటుంది. 16వ సెక్షన్ ప్రకారం ఎలిమెంటరీ విద్య, అంటే ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. మీ శ్రీను ఎనిమిదిలోనే ఉన్నాడు. "టీసీ ఇచ్చి పంపండి" అన్నది వినడానికి సులువుగా ఉన్నా దారి మూసుకుపోయింది.

పనిచేస్తుందా అన్నారు. ఉన్నదున్నట్టు చెబుతాం. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 44 బడుల్లో రెండేళ్ళు పరీక్షించారు, ఫలితాలు 2018లో వచ్చాయి. సస్పెన్షన్ల వల్ల పోయే రోజులు తగ్గాయి, బడి వాతావరణం మెరుగైందని టీచర్లు చెప్పారు. కానీ 6 నుంచి 8 తరగతుల పిల్లల మార్కులు మెరుగుపడకపోగా కాస్త తగ్గాయి. ఇంగ్లండ్‌లో 40 బడుల్లో మూడేళ్ళు చేసిన పరీక్షలో ఏడిపించడం కొంత తగ్గింది, దూకుడులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మంత్రదండం కాదు, నెమ్మదిగా పనిచేసేది. పాఠం చెప్పే సమయాన్ని తినేస్తే నష్టం కూడా. ఒక పీరియడ్‌లో మీరు మాట్లాడిస్తుంటే, పక్క పీరియడ్‌లో పీఈటీ సార్ బెత్తం పట్టుకుంటే అసలే నిలవదు. పిల్లలు ఎవరి దగ్గర ఏది నడుస్తుందో రెండు రోజుల్లో పసిగడతారు.

ఈ పద్ధతి నేర్పేవాళ్ళు ఒక లెక్క చెబుతారు: శ్రమలో 80 పాళ్ళు గొడవలు లేని రోజుల్లో పెట్టాలి, 20 పాళ్ళు గొడవయ్యాక. అందుకని వారానికొకసారి, బాలసభ పీరియడ్ ఉంటే అందులోనే, క్లాసంతా వలయంగా కూర్చుని ఒక చిన్న ప్రశ్నకు ఒక్కొక్కరూ జవాబు చెప్పే అలవాటు పెట్టండి. 46 మందికి తలా 20 సెకన్లు వేసుకున్నా పావుగంట దాటుతుంది, పదో వంతు దాటాక గుసగుసలు మొదలవుతాయి. పన్నెండు మందిని లోపలి వలయంగా, మిగతావాళ్ళను వెలుపల వినేవాళ్ళుగా కూర్చోబెట్టి వారం వారం మార్చండి. ప్రశ్నలు తేలిగ్గా మొదలవ్వాలి. ఈ వారం నీకు ఎవరు సాయం చేశారు? ఇంట్లో నీకు బాగా వచ్చిన పనేంటి? మొదటి నెలలో బాధల గురించి అడగొద్దు. "నా వంతు వద్దు" అని వస్తువును పక్కవాడికి ఇచ్చేసే హక్కు అందరికీ ఉండాలి. శ్రీను మొదటి రెండు నెలలూ అలాగే ఇచ్చేయవచ్చు. ఇవ్వనివ్వండి.

హెచ్చెమ్ గారితో వాదన పెట్టుకోకండి. "ఈ ఒక్క కేసు, ఆరు వారాలు నాకు వదలండి సార్" అని అడగండి. ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: శ్రీను హాజరు, భోజనం దగ్గర గొడవలు, మీరు పలకరించిన తేదీలు. గొడవ జరిగిన రోజు జరిగినట్టే రాయండి. ఏడో వారం మొదటి రోజున ఆ పుస్తకం తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళండి. అప్పటికి వంశీ సైకిల్ మీద కొత్త సీటు ఉందో లేదో కూడా ఒకసారి చూసి వెళ్ళండి.